చావును దగ్గరగా చూసిన కుర్రవాడు: రమణ మహర్షి జీవితం



ఈ సంచికకి ఒక మహనీయుడి జీవితం రాయాలని కూర్చున్నప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది మన ఇళ్లల్లో జరిగిన సంగతులే. సేలం, మదురై, బెంగళూరు, షోలాపూర్, భివండి, బరంపురం, యానాం, ఎక్కడున్నా సరే, కరోనా రోజుల్లో చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చిన వాళ్లు మన వీధుల్లో ఉన్నారు. గుండెపోటు వచ్చి బతికి బయటపడిన వాళ్లున్నారు. అలా వచ్చిన వాళ్లలో రెండు రకాల వాళ్లను చూస్తున్నాం. కొందరు ఆ రోజు నుంచి భయంతో ముడుచుకుపోయారు. రాత్రి నిద్ర పట్టదు, మగ్గం మీద మనసు నిలవదు. ఇంకొందరు మాత్రం తేలికపడ్డారు. పాత పగలు వదిలేశారు, మాట్లాడని అన్నదమ్ములతో మాట్లాడారు, పనిలో ఒక శాంతి వచ్చింది. ఒకే అనుభవం ఇద్దరిలో రెండు రకాలుగా ఎందుకు పనిచేస్తుంది?

ఈ ప్రశ్న పట్టుకుని వెతికితే మనకు బాగా తెలిసిన ఒక పేరు దగ్గరికే వచ్చాం. కార్తీక దీపానికి, పౌర్ణమి గిరి ప్రదక్షిణకి మనవాళ్లు ఎంతోమంది అరుణాచలం వెళ్తారు. 14 కిలోమీటర్లు నడుస్తూ దారిలో రమణాశ్రమంలో కాసేపు కూర్చుని వస్తారు. ఆ ఆశ్రమంలో పటంలో కనిపించే కౌపీనం కట్టిన పెద్దాయన కథ మొదలైంది ఒక చావు భయంతోనే. ఆ కథ మనకు తెలిసినంత వరకు, మనం మాట్లాడుకునే మాటల్లోనే ఇక్కడ చెప్పుకుందాం.

తిరుచ్చుళి నుంచి మదురైకి

ఆయన అసలు పేరు వెంకటరామన్. 1879 డిసెంబర్ 30న, ఆరుద్ర దర్శనం రోజు అర్ధరాత్రి దాటాక, మదురైకి దక్షిణాన ఉన్న తిరుచ్చుళి అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి సుందరమయ్యర్, చిన్న కోర్టులో వకీలు పని చేసేవాడు. తల్లి అళగమ్మాళ్. ఒక అన్న, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు.

1892లో తండ్రి చనిపోయాడు. పిల్లవాడికి అప్పటికి 12 ఏళ్లు. ఇంటి పెద్ద పోతే ఏమవుతుందో మనకు వేరేగా చెప్పక్కర్లేదు. సంసారం రెండు ముక్కలైంది. అన్న నాగస్వామి, వెంకటరామన్ ఇద్దరూ మదురైలో చిన్నాన్న సుబ్బయ్యర్ ఇంటికి చేరారు. మీనాక్షి గుడికి దగ్గర్లో చొక్కప్ప నాయకన్ వీధిలో ఆ ఇల్లు. పిల్లవాడు ముందు స్కాట్స్ మిడిల్ స్కూల్లో, తర్వాత అమెరికన్ మిషన్ హైస్కూల్లో చదివాడు. చదువు మీద పెద్ద ధ్యాస లేదు. ఫుట్‌బాల్, కుస్తీ, ఈత అంటే ఇష్టం. మంచి ఒడ్డూ పొడుగూ. నిద్ర మాత్రం మొద్దు నిద్ర. మేలుకుని ఉన్నప్పుడు అతని జోలికి రావడానికి భయపడే పిల్లలు, నిద్రపోతుంటే ఎత్తుకెళ్లి కొట్టి మళ్లీ తెచ్చి పడుకోబెట్టినా అతనికి తెలిసేది కాదట. భక్తి, వేదాంతం అంటూ ప్రత్యేకంగా ఏమీ లేని మామూలు కుర్రవాడు.

1896 జూలై: మేడగదిలో ఒంటరిగా

వయసు 16. జూలై నెల మధ్యలో ఒక రోజు చిన్నాన్న ఇంటి మేడ మీద గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు, ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఉన్నట్టుండి చనిపోతున్నానన్న భయం పట్టుకుంది. అదీ ఇదీ అని కారణం చెప్పలేని భయం.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? కేకేస్తాం, ఎవరినైనా పిలుస్తాం, డాక్టర్ దగ్గరికి పరుగెడతాం. అదే సహజం, అందులో తప్పేమీ లేదు. ఆ కుర్రవాడు మాత్రం ఎవర్నీ పిలవలేదు. భయం నుంచి పారిపోకుండా దానికి ఎదురుగా తిరిగాడు. చావు వస్తోందంటే అసలు చచ్చేది ఏది, అది ఇప్పుడే తేల్చుకుందాం అనుకున్నాడు. నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాళ్లూ చేతులూ శవంలా బిగబట్టాడు. పెదాలు మూసి ఊపిరి ఆపాడు. ఈ శరీరం చచ్చింది, దీన్ని మోసుకెళ్లి కాల్చేస్తారు, బూడిదవుతుంది, మరి దీనితో పాటు నేను కూడా పోయానా అని లోపల చూసుకున్నాడు. శరీరం కట్టెలా పడి ఉన్నా, నేను అన్న ఎరుక మాత్రం దేనికీ చెక్కుచెదరకుండా ఉందని అతనికి తెలిసింది. ఎవరో చెబితే నమ్మింది కాదు, పుస్తకంలో చదివింది కాదు. నేరుగా తెలిసింది. లేచి కూర్చున్నాడు. ఆ క్షణంతో చావు భయం పోయింది, మళ్లీ జన్మలో రాలేదు.

తర్వాత ఆరు వారాలు ఇంట్లో మార్పు అందరికీ కనబడింది. పెట్టింది తిన్నాడు, రుచి గురించి మాట్లాడలేదు. ఇదివరకు ఎవరైనా ఏడిపిస్తే తిరగబడేవాడు, ఇప్పుడు ఓర్చుకున్నాడు. ఎవరి పనైనా తన మీద వేస్తే మాట్లాడకుండా చేశాడు. సాయంత్రాలు ఒక్కడే మీనాక్షి గుడికి వెళ్లి నిలబడేవాడు, కళ్ల వెంట నీళ్లు కారేవి. చదువు మాత్రం పూర్తిగా చెడింది.

మూడు రూపాయలు, ఒక చీటీ

ఆగస్టు 29. స్కూల్లో శిక్షగా ఇంగ్లీషు వ్యాకరణం పాఠం మూడుసార్లు రాయమన్నారు. రెండుసార్లు రాసి, మూడోసారి పక్కన పెట్టేసి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అన్న చూసి, ఇలా కూర్చునేవాడికి ఈ చదువూ ఇల్లూ ఎందుకని దెప్పాడు. ఆ మాట నిజమేననిపించింది. అంతకుముందు ఏడాది ఒక చుట్టం నోట అరుణాచలం అన్న పేరు విన్నప్పటి నుంచి ఆ కొండ మనసులో మెదులుతూనే ఉంది. స్కూల్లో స్పెషల్ క్లాస్ ఉందని బయల్దేరాడు. దారిలో తన కాలేజీ ఫీజు కట్టమని అన్న ఐదు రూపాయలు తీసుకెళ్లమన్నాడు. అందులో మూడు తీసుకుని రెండు వదిలేశాడు. ఒక చీటీ రాసి పెట్టాడు. తన తండ్రిని వెతుక్కుంటూ ఆయన ఆజ్ఞ మీద పోతున్నానని, మంచి పనికే వెళ్తున్నాను గనక ఎవరూ బాధపడొద్దని, డబ్బు ఖర్చు చేసి వెతకొద్దని దాని సారాంశం. కింద సంతకం లేదు, ఒక గీత మాత్రమే ఉంది.

రైలులో విల్లుపురం దాకా వచ్చాడు. అక్కణ్ణుంచి డబ్బు చాలక కొంత దూరం రైలు, మిగతాది నడక. దారిలో ఆకలికి సొమ్మసిల్లాడు. కీళూరులో ఒక గృహస్థు అన్నం పెట్టాడు. 20 రూపాయలు చేసే కెంపుల చెవిపోగులు 4 రూపాయలకి తాకట్టు పెట్టి, ఆ రసీదు చింపేశాడు. 1896 సెప్టెంబర్ 1 పొద్దున తిరువణ్ణామలై చేరి నేరుగా గుడిలోకి వెళ్లాడు. తర్వాత చెరువు దగ్గర గుండు చేయించుకున్నాడు. చేతిలో మిగిలిన మూడున్నర రూపాయలు, జంధ్యం నీళ్లలో పడేశాడు. కట్టుకున్న పంచె చింపి కౌపీనానికి సరిపడా పీలిక ఉంచుకుని మిగతాది వదిలేశాడు. ఆ ఊరు దాటి ఆయన మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. 54 ఏళ్లు ఆ కొండ నీడలోనే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది మా పిల్లలకి ఆదర్శం అని మేము రాయడం లేదు. ఇల్లు వదిలి పోయిన కొడుకు కోసం ఒక విధవ తల్లి రెండేళ్లకు పైగా వెతికింది. ఎక్కడున్నాడో తెలిశాక 1898 చివర్లో అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. జడలు కట్టిన జుట్టు, పెరిగిన గోళ్లు, మురికి ఒళ్లు చూసి ఏడ్చింది, ఇంటికి రమ్మని రోజూ వచ్చి బతిమాలింది. మౌనంలో ఉన్న కొడుకు ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఎవరి కర్మ ప్రకారం వాళ్లకి జరగాల్సింది జరుగుతుంది, జరగనిది ఎంత చేసినా జరగదు, ఊరుకోవడమే మంచిది అని దాని భావం. ఆ తల్లి ఉత్త చేతులతో తిరిగి వెళ్లింది. ఆ నొప్పిని దాచి ఈ కథ చెప్పకూడదు. తర్వాత ఏళ్లలో సంసారులెవరైనా అన్నీ వదిలేసి వస్తామంటే ఆయన ప్రోత్సహించలేదు. ఇంట్లోనే ఉండి పని చేసుకుంటూ లోపల చూసుకోమనే చెప్పాడు.

1912: గుండె ఆగిన ఘడియ

కొండ మీద విరూపాక్ష గుహలో ఉన్న రోజుల్లో రెండోసారి చావు వచ్చింది. ఈసారి ఒంట్లోకే వచ్చింది. 1912లో ఒక పొద్దున పళనిస్వామి, వాసుదేవశాస్త్రి మొదలైన వాళ్లతో పచ్చయమ్మన్ కోవెలకి తలంటు స్నానానికి వెళ్లి తిరిగి వస్తున్నారు. తాబేలు బండ దగ్గరికి వచ్చేసరికి కళ్ల ముందు తెల్లటి తెర దిగినట్టయింది. ఎదుటి దృశ్యం కొంచెం కొంచెంగా మూసుకుపోయింది. ఆగారు, తేరుకున్నారు, నడిచారు. మళ్లీ వచ్చింది. మూడోసారికి బండకి ఆనుకుని కూర్చుండిపోయారు. ఒళ్లు నల్లబడింది. నాడి ఆగింది, ఊపిరి ఆగింది. వాసుదేవశాస్త్రి పోయారనుకుని వాటేసుకుని ఏడ్చాడు. ఆ పట్టు, ఆ వణుకు, ఆ ఏడుపు అన్నీ తనకు తెలుస్తూనే ఉన్నాయని, భయం గానీ బాధ గానీ లేవని ఆయన తర్వాత చెప్పారు. పది పదిహేను నిమిషాల తర్వాత ఒంట్లో ఏదో విసురుగా కదిలినట్టయి, నాడి తిరిగింది, చెమట పట్టింది, ఒంటి రంగు మామూలుకొచ్చింది. లేచి గుహకి నడిచారు.

ఇలాంటి అనుభవాలను ఇప్పుడు వైద్యులు కూడా చదువుతున్నారు. 1975లో అమెరికాలో రేమండ్ మూడీ అనే ఆయన చావు అంచు నుంచి వచ్చినవాళ్ల అనుభవాలతో పుస్తకం రాశాక లోకం దృష్టి దీని మీద పడింది. నెదర్లాండ్స్‌లో పిమ్ వాన్ లొమ్మెల్ అనే గుండె వైద్యుడి బృందం, గుండె ఆగి మళ్లీ బతికిన 344 మందిని అడిగి, 2001లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వేసింది. వాళ్లలో 62 మంది, అంటే నూటికి 18 మంది, ఏదో ఒక అనుభవం చెప్పారు. రెండేళ్లకి, ఎనిమిదేళ్లకి మళ్లీ వెళ్లి చూస్తే, అలాంటి అనుభవం కలిగిన వాళ్లకి చావు భయం తగ్గింది, తోటివాళ్ల మీద దయ పెరిగింది. ఆ అనుభవం ఏమిటన్న దాని మీద వైద్యుల్లో ఇంకా వాదన ఉంది. కానీ దాని తర్వాత మనిషి ఎలా బతుకుతాడన్నదే మనకు కావలసింది. రమణుల జీవితంలో మాకు నచ్చింది కూడా అదే.

తర్వాత ఆయన చేతులు ఏం చేశాయి

చావు భయం పోయిన మనిషి పని మానేసి కూర్చుంటాడనుకుంటాం. ఆయన అలా కూర్చోలేదు. ఆశ్రమం ఏర్పడ్డాక ఏళ్ల తరబడి తెల్లారకముందే లేచి వంటింట్లో కూరలు తరిగారు, పచ్చళ్లు నూరారు. విస్తళ్లు కుట్టారు. కొబ్బరి చిప్పలు నునుపుగా గీకి గిన్నెలు చేశారు. చినిగిన పుస్తకాలకు అట్టలు కట్టారు. ఒక్క గింజ పారేయనిచ్చేవారు కాదు. వడ్డనలో తనకు ప్రత్యేకంగా ఏదైనా వేస్తే ఒప్పుకునేవారు కాదు, అందరికీ పెట్టిందే తనకూ.

నేతవాళ్లం గనక మాకు మరీ దగ్గరగా తోచిన సంగతి ఒకటుంది. కొండ మీద ఉన్న రోజుల్లో ఆయన తువ్వాలు పూర్తిగా చిల్లులు పడిపోయింది. ఎవరైనా చూస్తే కొత్తది తెచ్చేస్తారని, స్నానానికి ఒంటరిగా వెళ్లి దాన్ని ఆరేసుకుని, చెట్టు తొర్రలో దాచుకునేవారు. కౌపీనం చినిగితే సూది అడగలేదు. ఒక ముల్లుకి ఇంకో ముల్లుతో బెజ్జం వేసి, ఆ గుడ్డలోంచే పోగు లాగి, దానితోనే కుట్టుకున్నారు. చివరికి ఈ గుట్టు బయటపడ్డాక భక్తులు ఎంతో బాధపడి కొత్త గుడ్డలు తెచ్చిచ్చారు. ఒక గుడ్డలో ఎంత శ్రమ ఉందో మనకు తెలుసు. పోగు పోగుకీ విలువ ఇచ్చి, చివరి దారం దాకా వాడుకున్న మనిషి మన మగ్గానికి పరాయివాడు కాదు.

మన భాషకీ ఆయనకీ సంబంధం ఉంది. 1907 నవంబర్ 18న విరూపాక్ష గుహకి వచ్చి, ఆయన్ని గురువుగా ఒప్పుకుని, భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన మన తెలుగు పండితుడు కావ్యకంఠ గణపతి ముని. రమణులు తెలుగు నేర్చుకున్నారు, తెలుగులో రచనలు కూడా చేశారు. చిన్ననాడే వైధవ్యం వచ్చిన సూరి నాగమ్మ గారు ఆశ్రమంలో రోజూ చూసింది, విన్నది తెలుగులో ఉత్తరాలుగా రాశారు. అవే శ్రీ రమణాశ్రమ లేఖలు. మన ఆడవాళ్లు తేలిగ్గా చదువుకోగలిగిన పుస్తకం అది. చలం గారు 1950లో అరుణాచలం చేరి, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు.

భయం పోయిందన్న మాటకి పరీక్ష 1924 జూన్ 26 రాత్రి వచ్చింది. డబ్బుందనుకుని దొంగలు ఆశ్రమం మీద పడ్డారు. ఆయన తొడ మీద కర్రతో కొట్టారు. శిష్యులు తిరగబడబోతే ఆయన ఆపారు. ఉన్నదేదో తీసుకుపొమ్మని తలుపులు తెరిపించారు. దెబ్బలు తిన్నవాళ్లకి మందు రాయించాక గానీ తన దెబ్బ సంగతి బయటపెట్టలేదు.

తల్లి దగ్గర

ఇంటికి రాని కొడుకు దగ్గరికి చివరికి తల్లే వచ్చింది. 1916 నుంచి అళగమ్మాళ్ కొండ మీదే కొడుకు దగ్గర ఉండిపోయింది. వంట మొదలుపెట్టింది. ఆశ్రమంలో వంటిల్లు అంటూ ఏర్పడింది ఆ తల్లి చేతి మీదే.

1922 మే 19. ఆమెకి చివరి రోజు. పొద్దున నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆయన ఆమె పక్క నుంచి లేవలేదు. కుడిచేయి ఆమె గుండె మీద, ఎడమచేయి తల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఊపిరి ఆగాక కూడా కొంతసేపు చేయి తీయలేదు. లేచాక, ఇక మైల లేదు, భోజనం చేద్దామన్నారు. కొండ కింద ఆమె సమాధి దగ్గరికి రోజూ దిగి వచ్చేవారు. ఆ ఏడు డిసెంబర్‌లో అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు మనం చూసే రమణాశ్రమం ఆ తల్లి సమాధి చుట్టూ పెరిగిందే.

చిన్నతనంలో తల్లిని ఏడిపించి వెళ్లిన కొడుకు, ఆమె చావు రోజున ఒక్క నిమిషం కూడా వదలకుండా కూర్చున్నాడు. 16 ఏళ్లప్పుడు తన చావుకి ఎదురుగా తిరిగి నిలబడ్డవాడు గనకనే తల్లి చావు పక్కన వణకకుండా కూర్చోగలిగాడని మాకు అనిపిస్తుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఆఖరి ఘడియలు వచ్చినప్పుడు మనం చేసేదేమిటి? డబ్బు కోసం పరిగెడతాం, ఫోన్లు చేస్తాం, బయట నిలబడి మాట్లాడుకుంటాం. అన్నీ అవసరమే. కానీ ఒకరు లోపల కూర్చుని చేయి పట్టుకోవాలి. దానికి డబ్బక్కర్లేదు, భయపడకుండా ఉండడం ఒక్కటే కావాలి.

ఆఖరి ఏడాది

1948 చివర్లో ఎడమ మోచేతి దగ్గర చిన్న గడ్డ లేచింది. కోసి తీస్తే మళ్లీ వచ్చింది. క్యాన్సర్ అని తేలింది. 1949లో నాలుగుసార్లు ఆపరేషన్ జరిగింది. చేయి తీసేయాలని డాక్టర్లు అంటే ఒప్పుకోలేదు. ఈ ఒళ్లే ఒక జబ్బు, దానికి వచ్చిన జబ్బుకి అంత కంగారెందుకన్నది ఆయన మాటల సారం. నొప్పి లేదని కాదు, నొప్పి ఉంది. కానీ చూడ్డానికి వచ్చిన వాళ్లని ఆపొద్దన్నారు. చివరి రోజు దాకా జనం వరుసలో వచ్చి చూసి వెళ్లారు.

1950 ఏప్రిల్ 14 రాత్రి. బయట భక్తులు ఆయన రాసిన అరుణాచల అక్షరమణమాల పాడుతున్నారు. ఆయన కళ్లు తెరిచారు, కంటి చివర నీరు వచ్చింది. 8 గంటల 47 నిమిషాలకి ఊపిరి మెల్లగా ఆగింది. వయసు 70. అదే ఘడియలో ఆకాశంలో ఒక వెలుగు మెల్లగా అరుణాచలం వైపు కదిలిపోవడం చాలామంది చూశారు.

మేము మొదట వేసుకున్న ప్రశ్న దగ్గరికి మళ్లీ వద్దాం. ఒకే అనుభవం ఒకరిని భయపెట్టి ఇంకొకరిని తేలిక ఎందుకు చేస్తుంది? రమణుల జీవితం చూశాక మాకు అర్థమైనంతలో, భయం వచ్చినప్పుడు దాని నుంచి పారిపోయామా, దాన్ని తిరిగి చూశామా అన్న దగ్గరే తేడా వస్తోంది. మన ఇళ్లల్లో చావు మాట ఎత్తితే అశుభమని నోరు మూయిస్తాం. అందుకే ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మనిషి తనకి ఏమైందో ఎవరితోనూ చెప్పుకోలేక లోపలే కుమిలిపోతున్నాడు. ఈ సంచిక మీ చేతికి వచ్చాక, మీ ఇంట్లోనో మీ వీధిలోనో అలా తిరిగొచ్చిన వాళ్లుంటే ఒక సాయంత్రం పని అయ్యాక వాళ్ల పక్కన కూర్చోండి. ఏం చూశావు, ఏమనిపించింది అని అడగండి. తొందరపెట్టకుండా వినండి. వాళ్ల భయం సగం అక్కడే తగ్గుతుంది. మన భయం కూడా.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో, అందరి ఇళ్లల్లో ఆరోగ్యం, మగ్గాలకి పని, మనసుకి ధైర్యం ఉండాలని కోరుకుంటున్నాం.